వెనక ఎడమ టైరు గారికి

మహారాజశ్రీ వెనక ఎడమ టైరు గారికి,

అమలాపురం–ముక్తేశ్వరం రూటు ఆటోవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని తెలిసే ఈ ఉత్తరం.

నిన్న పంచరు షాపులో తమర్ని ఊడదీసి, కుర్రాడు వేలు పెట్టి మరీ చూపించాడండి. మధ్యలో బటన్, అంటే టైరు మీది గాళ్ల అచ్చు, ఇంకా ఉంది. రెండంచులూ గుండు. బయటంచున ఓచోట నైలాన్ పోగులు పైకి లేచాయి. గాలి ఎక్కువైతే నడుమరుగుతుందట, తక్కువై బరువెక్కువైతే భుజాలరుగుతాయట. తమరివి భుజాలు. వింతేముంది లెండి! ఆర్సీలో ముగ్గురని రాసుంది. ముగ్గురితోనే బయల్దేరితే నాకేదో జబ్బు చేసిందనుకుంటారు స్టాండులో. వెనక నలుగురు, ఎదురు చెక్క మీద ఇద్దరు, దింపు రోజుల్లో వాళ్ల కాళ్ల కింద కొబ్బరికాయల బస్తా.

ముందు టైరు గారికి ఎటు తిప్పితే అటు తిరగడమే ఉద్యోగం. బండిని నెట్టేది తమరిద్దరూ. అందులోనూ కుడివైపాయన నయం, తారు దిగడు. చెయ్యెత్తిన ప్రతి మనిషి కోసం రోడ్డంచు దాటి కాలవగట్టు కంకర్లోకి దిగేది తమరే.

కొత్తాయన్ని తెద్దామనే ఉందండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కూడా. అయితే అంతకుముందే, ఆగస్టు 15న, ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది. తమరు అరగడం తగ్గింది, తమర్ని మార్చే డబ్బూ తగ్గింది. ఆటోవాళ్లకి ప్రభుత్వం వేసిన 15 వేలు ఇన్సూరెన్సు దగ్గరే ఆగిపోయాయి, తమరి దాకా రాలేదు.

షాపాయన 'ఫ్రెష్ స్టాకు' అంటూ ఒకటి దించాడు. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు చూస్తే 1421. 2021లో పద్నాలుగో వారం పుట్టిన ఫ్రెష్షు! బటన్ మెరుస్తోంది గానీ, రబ్బరు గట్టిపడి ఉంది.

పోనీ రీబటన్, అదే అరిగిన టైరుకి కొత్త బటన్ అతికించడం? లోపలి కేసింగ్ బాగుంటే వెనక్కి పనికొస్తుంది, ముందుకి మాత్రం వద్దు. పోగులు లేచిన తమరికి కూడా చేసిపెడతానన్నాడు ఒకాయన. రోహిణీకార్తె ఎండలో అది పట్టీలా ఊడొస్తే ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం చెప్పలేదు.

స్టాండులో పెద్దాయన మాట వేరు. సైజు అన్నిటికీ 4.00-8 ఒకటే కాబట్టి ముందాయన్ని వెనక్కి పంపి, కొత్తది ముందుకి వెయ్యమంటాడు. నాకూ నచ్చింది. కాకపోతే వెనక ఒకటి బాగా అరిగినదీ ఒకటి అంతగా అరగనిదీ ఉంటే చుట్టుకొలత తేడా వచ్చి, మలుపులో వెనక చక్రాల్ని వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కి తిన్నని రోడ్డు మీద కూడా మలుపు తిరిగినంత పని. కాబట్టి జత మార్చాలి. జతనగానే నా మీద నాకే జాలేస్తుంది.

జతంటే గుర్తొచ్చింది. మా స్టాండులో ఓ కొత్త జత ఉందండి. ఫిట్‌నెస్ పరీక్షకి ఎవరి బండి వెళ్తే ఆ బండికెక్కుతుంది, పరీక్ష అవగానే దిగుతుంది. ఆ టైర్లు రోడ్డు మీద తిరిగిందానికన్నా పరీక్షలకి తిరిగిందే ఎక్కువ.

వచ్చే నెల మన వంతు. అందాకా ఎలాగోలా నెట్టుకు రండి. ఆ పూట తమరికి సెలవు, సాయంత్రం మళ్లీ డ్యూటీ.

ఇట్లు,
తమరి మీద కూర్చుని బతికేవాడు

తా.క.: స్టెప్నీ గారి మీద ఆశ పెట్టుకోకండి. ఆయన తమరికన్నా ముందే రిటైరైన మనిషి.