80 లీటర్ల మిలిటరీ బ్యాగు కథ: మన గుట్టలకు అది ఎందుకు పనికిరాదంటే

వాట్సాప్ గ్రూపులల్ల ఒక మెసేజ్ తిరుగుతుంది, మీకు కూడా వచ్చే ఉంటది. "అడవికి పోయేటోనికి ఒక్కటే బ్యాగు, 80 లీటర్ల మిలిటరీ బ్యాగు. పొద్దుగాల పోయి సాయంత్రం వచ్చినా, రాత్రి ఆడనే పండినా అదే. 1000 డీనియర్ బట్ట, చినగదు. వాటర్‌ప్రూఫ్, వానకు కవర్ అక్కర్లేదు. నడుము బెల్టు ఉత్త ఫ్యాషన్, బరువు మోసేది భుజాలే. రంగు మాత్రం ఆకుపచ్చ మచ్చలదే తీసుకోర్రి." కింద ఒక అమెరికా వేటగాని వీడియో లింకు. మా నల్గొండ పోరగాండ్లు ఇది చూసి నిజంగనే కొంటున్నరు కాబట్టి రాస్తున్న.

ముందుగాల ఆ వీడియో సంగతి. ఆడ లైసెన్స్ తీస్కొని ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడతరు, దాని ఒక్క వెనక తొడే పాతిక కేజీల దాకా తూగుతది, అది కోసి బండి కాడిదాకా మోస్కరావాలె, అందుకే అంత బ్యాగు, దానికి గట్టి ఫ్రేము. మన దగ్గర 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం కింద వేట అంటే కేసే, కుందేలు కొట్టినా కేసే. మనం మోసేది మాంసం కాదు, నీళ్లు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఆ మెసేజ్‌ల సగం మాటలు వాటంతటవే పడిపోతయ్.

ఇగ 'పెద్దగ ఉంటే మంచిది' అన్న మాట. బ్యాగుకు లీటర్లు అంటే లోపల సామాను పట్టే చోటు. రాచకొండ గుట్టలు గానీ దేవరకొండ ఖిల్లా గానీ కోయిల్‌కొండ గానీ, ఎండ కొడుతున్నప్పుడు పొద్దంతా తిరగాలంటే మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్లు కావాలె, మధ్యల దొరుకుతయ్ అని నమ్ముకుంటే దూపకు సస్తరు. లీటరు అంటే కేజీ, అంటే ఐదు కేజీలు. కానీ అవి పట్టే చోటెంత? ఐదు లీటర్లే. బరువు మస్తు, చోటు జరంత. గసుంటి సామాను 80 లీటర్ల బ్యాగుల వేస్తే ఏమైతది, సీసాలు అన్నీ జారి అడుగుకు పోతయ్, అడుగు వేసినప్పుడల్లా బ్యాగు అటిటు ఊగుతది, వెనకకు గుంజుతది, దాన్ని ఆపనీకి మనం ముందుకు వంగి నడుస్తం, సాయంత్రానికి మెడ పట్టేస్తది. నీళ్ల బరువు వెన్నుపూసకు ఆనుకోని, నడుముకు జర పైన, వీపు మధ్యల నిలబడాలె. 25 లీటర్ల చిన్న బ్యాగుల అది దానంతటదే అట్ల నిలబడతది. సలేశ్వరం జాతరకు లోయలకు దిగేటప్పుడు రాళ్ల మీద చూడుర్రి, పెద్ద బ్యాగు వేస్కున్నోడు రాయి రాయికి ఆగి బ్యాగు సర్దుకుంటుంటడు, వెనకోళ్లందరికి జామ్.

ఇంకో లెక్క. ఒక్క రోజుకైతే మన బరువుల పదో వంతు, రాత్రి ఉండాల్సి వస్తే ఐదో వంతు దాటకుండ మోస్తే మంచిదని అంటరు. 60 కేజీల మనిషికి ఆరు, పన్నెండు. ఆ మిలిటరీ బ్యాగు ఖాళీదే మూడు కేజీల దాకా ఉంటది, మీద ఐదు లీటర్ల నీళ్లు, సద్ది కట్టకముందే లెక్క దాటిపోయింది చూస్తున్రా? రాత్రికైనా 40-45 లీటర్లు చాలు, మన దగ్గర చలికాలం తప్ప దుప్పటి ఒకటి సరిపోతది, లావు స్లీపింగ్ బ్యాగు ఎందుకు? పైగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల ఇష్టమొచ్చిన కాడ టెంట్ వేయనియ్యరు, మన్ననూరుల అటవీ శాఖ కాటేజీల ఉండాలె, ఆడ పరుపులే ఉంటయ్. బయట టెంట్ అంటే తెలిసినోళ్ల చెలకలనో తోటలనో.

నడుము బెల్టు ఫ్యాషన్ అన్నోనికి పది కేజీలు ఎత్తి గుట్ట ఎక్కమనాలె. సరిగ్గ కడితే బరువుల సగం కంటే ఎక్కువ నడుము బొక్కల మీదికి దిగుతది, భుజాలు బ్యాగును పట్టుకునుడే. కానీ బెల్టు పొట్ట మీద కాదు, పక్కల చెయ్యి పెడితే గట్టిగ తగిలే బొక్క మీద కూసోవాలె. ముందు బెల్టు బిగించి తర్వాత భుజం పట్టీలు, చాలామంది ఉల్టా చేస్తరు. ఇంకోటి, బ్యాగు సైజు మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడుగును బట్టి. తల ముందుకు వంచితే మెడ కింద ఒక బుడిపె తగులుతది, ఆడికెళ్లి నడుము బొక్క ఎత్తు దాకా టేపు పెట్టుర్రి. ఆరడుగుల మనిషికి కూడా వీపు పొట్టిగ ఉండొచ్చు. షాపుల ఖాళీ బ్యాగు వేస్కోని అద్దంల చూస్కుంటే ఏం తెల్వది, రెండు లీటర్ల సీసాలు మూడు తీస్కపోయి లోపల పెట్టి మెట్లు ఎక్కి దిగుర్రి, సేల్స్ పిల్లగాడు నవ్వితే నవ్వనియ్యి.

1000 డీనియర్ అంటే తొమ్మిది కిలోమీటర్ల దారం కేజీ తూగుతది అని, గంతే. అది దారం లావు, గట్టితనం కాదు. మంచి 420 నైలాన్ చాలాసార్లు 600 పాలిస్టర్ కంటే గట్టిగ ఉంటది. ఎట్లైనా బ్యాగులు ఎక్కువ పోయేది బట్ట కాడ కాదు, భుజం పట్టీ కుట్టు కాడ. ఆడ దగ్గర దగ్గరగ అడ్డం కుట్లు ఉన్నయా లేవా చూడుర్రి. బయట జాలీ జేబులు ఎక్కువున్నది తీస్కోకుర్రి, తుమ్మ ముండ్లకు మొదలు పోయేది అవే.

వాటర్‌ప్రూఫ్ అంటే బట్ట ఒక్కటే. కుట్టుకు సూది బొక్కలు ఉండవా, జిప్పుల సందులు ఉండవా? పైన కవర్ వేసినా వీపు దిక్కు నుంచి నీళ్లు కారతయ్. మందపాటి పాలిథిన్ సంచి బ్యాగు లోపల పెట్టి దాంట్ల బట్టలు, ఫోను పెట్టి మూతి మెలి తిప్పుర్రి, అయిపాయె. లోపలి పూత కూడా శాశ్వతం కాదు, రేకుల ఇంట్ల సజ్జ మీద పడేస్తే వేడికి, తేమకు తెల్లగ పొట్టు రాలుతది.

రంగు సంగతి మాత్రం నాకు నవ్వొస్తది. ఆ అమెరికాలనే చాలా రాష్ట్రాలల్ల తుపాకీ వేటకు పోయేటోడు మెరిసే నారింజ రంగు వేస్కోవాలని రూలు, ఎందుకంటే తోటోడు జంతువనుకోని కాల్చకుండ. నల్లమలల ఎలుగుబంటి ఉన్నది, దానికి చూపు తక్కువ, మనం సప్పుడు లేకుండ దగ్గరికి పోతే బెదిరి మీద పడతది, ఆకు రంగు బ్యాగుతో ఏం ఒరుగుతది? పైగా టైగర్ రిజర్వ్ తొవ్వల మచ్చల డ్రెస్సు, మచ్చల బ్యాగు వేస్కోని దిగితే గార్డులు ఆపి అడగరా.

రెండు బ్యాగులకు పైసలు యాడివి అంటరా, అదీ నిజమే. ఒక్కటే కొనేటట్టుంటే 40 లీటర్లది, రెండు పక్కల గుంజి బిగించే పట్టీలు ఉన్నది తీస్కోర్రి, పగటి పూటకు బిగిస్తే సగమైతది. నీళ్ల సీసా పక్క జేబులకెళ్లి బ్యాగు దించకుండ చేతికి అందాలె, అది షాపులనే చూస్కోర్రి.