మహారాజశ్రీ రెండు కొబ్బరిచెట్ల సూర్యాస్తమయం గారికి

కథలకు బొమ్మలు వేసుకుని బతికే ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, నా బొమ్మలు కాదు.

పోయిన నెల ఒక కథ వచ్చింది. భర్త పోయిన ముసలావిడ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. ఆవిణ్ని కాగితం చివర చిన్నగా కూర్చోబెట్టి, మిగతాదంతా గోడ వదిలేశాను. గోడకి ఒక మేకు. దాని కింద, పటం ఉన్నంతమేర సున్నం మాసిపోకుండా మిగిలిన తెల్లటి చదరం. ఆయన పటం మూటలోకి వెళ్లిపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ చదరానికి సరైన తెలుపు దొరకడానికే రెండు రోజులు పట్టింది. పేజీలు పెట్టే కుర్రాడు చూసి, "సార్, వెనకాలంతా ఖాళీగా ఉంది కదా" అని గోడ చెరిపేసి తమరిని దింపాడు. పత్రిక వచ్చాక చూస్తే ముసలావిడ గోవా టూరుకెళ్లినట్టుంది.

ఆదిలాబాద్ పత్తిరైతు అప్పుల కథకీ వచ్చారు. వస్తూ పడవ కూడా తెచ్చారు. నేలా ఆకాశం కలిసే గీతని కిందికి దించితే మనిషి పెద్దగా కనిపిస్తాడు, పైకి లేపితే నేలలో కూరుకుపోయినట్టుంటాడు. అందుకే గీతని అతని తల కన్నా పైకి పెట్టాను. తమరు వచ్చి నడుం దగ్గర సముద్రం పరిచారు, అప్పులన్నీ తీరిపోయినట్టు తేలిపోయాడు. తెల్లవారుజామున పాలు పితికే బొమ్మనీ వదల్లేదు. తమరు వెనకాల వెలుగుతుంటే మనుషుల నీడలు కూడా వెనక్కే పడ్డాయి. ఏ సూర్యుడి కింద బతుకుతున్నారో వాళ్లకే తెలియాలి!

చేర్యాల నకాషీ పటాలు ఎప్పుడైనా చూశారా? ఖాదీ గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, బొమ్మల వెనకంతా ఎరుపు నింపేస్తారు. ఆ ఎరుపు ముందు దేవుడైనా పశువైనా నిప్పు మీద నిలబడ్డట్టుంటారు. అక్కడ తమరికి చోటే లేదు. చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మలో శ్మశానం తీసేసి తమరిని పెట్టి ఊహించుకున్నాను. పెళ్లిలో తాగి పడిపోయిన బావమరిదిని భుజానేసుకుని ఇంటికి తీసుకెళ్తున్నట్టుంది.

నిజం ఒప్పుకోవాలి. తమరిని గీసింది నేనే. చాలా ఏళ్ల కింద, డెడ్‌లైన్ టెన్షన్‌లో, ఒక ప్రేమకథ కోసం అరగంటలో లాగించేశాను. ఎడమ కొబ్బరిచెట్టు వంకర నా చేతి వంకరే. అది స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచుకుంటారని నాకేం తెలుసు?

వచ్చే సంచిక కథలో కరెంటు పోతుంది. పేజీ అంతా నలుపు నింపి, మధ్యలో ఒక్క అగ్గిపుల్ల వెలిగించి ఇచ్చాను. ఇప్పుడే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, వెనకాల ఏమీ కనబడట్లేదు. సూర్యుణ్ని పెట్టేయమంటారా?"

ఇట్లు,
తమ కన్నతండ్రి