దెయ్యం దొరికింది సరే, ఎర్తు వైరు యాడికి పోయింది?

పది రోజులుగా మా కడప జిల్లా గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది: మేనల్లుడు పంపినాడు, పాలాయన పంపినాడు, నాతోపాటే రిటైరైన పెద్దమనిషి కూడా పంపినాడు. వీడియో కింద రాసింది ఇది:

"ఎర్రగుంట్ల పక్క పల్లెలో పాత మిద్దెలో పారానార్మల్ టీము ఒక రాత్రంతా సైంటిఫిక్‌గా పరిశోధన చేసింది. మీటరులో 5 లైట్లూ వెలిగాయి. ఉష్ణోగ్రత ఒక్కసారిగా 8 డిగ్రీలు పడిపోయింది. రికార్డరులో 'పో' అని ఆడగొంతు పడింది. కెమెరాలో తెల్లటి గోళాలు కనిపించాయి. ఆ ఇంట్లో పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. అది చనిపోయిన కోడలి ఆత్మే అని తేలింది. విదేశీ యూనివర్సిటీలు కూడా ఆత్మలను ఒప్పుకున్నాయి. టీము పైసా తీసుకోలేదు, పూర్తి ప్రొఫెషనల్. ఇంటివాళ్లు వెంటనే ఖాళీ చేయాలి. తర్వాత గండికోట, గుత్తి కోట!"

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఆ పల్లె ఒకప్పుడు నా సెక్షనులోదే. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న పంచాయితీ నాకొద్దు. మా అవ్వ కాలంలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న ఊళ్లలోనే నేనూ పెరిగినాను, ఎవరి భయాన్నీ ఎగతాళి చేయను. కానీ "పరిశోధన చేసినాం, తేల్చినాం" అన్నారు చూడండి, ఆ మాటకు జవాబు చెప్పాల్సిందే.

మొదట మీటరు. 5 లైట్లు వెలిగాయంట. వెలగక ఏం చేస్తాయి? వాళ్ల చేతిలో ఉన్నది అయస్కాంత క్షేత్రాన్ని పట్టే చిన్న డబ్బా. కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ ఆ క్షేత్రం ఉంటుంది. ఫేజు (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి తీసుకుపోయే తీగ) రెండూ ఒకే పైపులో పక్కపక్కన పోతే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది. అందుకే సరిగా వైరింగు చేసిన కొత్త ఇళ్లలో ఆ డబ్బా పెద్దగా పలకదు. పాత మిద్దె సంగతి వేరు. ఎప్పుడో ఒక్క బల్బుకని లాగిన తీగ, దానికి ఫ్రిజ్జు, కూలరు, నీళ్ల మోటరు, అతుకు మీద అతుకు. ఫేజు ఒక దూలం వెంబడి, న్యూట్రల్ ఇంకో గోడ వెంబడి. న్యూట్రల్ ఎక్కడన్నా వదులైందనుకోండి, కరెంటు తిరిగిపోవడానికి ఎర్తు పట్టుకుంటుంది, నీళ్ల పైపు పట్టుకుంటుంది. అప్పుడు గది నడిమధ్యన నిలబడినా లైట్లు వెలుగుతాయి. అది దెయ్యం కంటే నిజంగా భయపడాల్సిన సంగతి, ఎందుకంటే తడి చేత్తో కుళాయి ముట్టుకున్నవాళ్లకు షాకు కొడుతుంది. వీడియో మొత్తంలో ఒక్కరైనా మెయిను స్విచ్చి దించి మళ్లీ కొలిచినారా? లేదు. ఆ ఒక్క పని చేసుంటే సగం కథ అక్కడే తెలిసిపోయేది. పైగా మీటరు పట్టుకున్న పిల్లోడి చొక్కా జేబులో ఫోను వెలుగుతా ఉంది. ఆ డబ్బాకు ఫోనన్నా పడదు, వాకీటాకీ అన్నా పడదు.

క్షేత్రం ఉంటే మనిషికి ఏదో తోస్తుంది, ఆత్మలు దాన్ని వాడుకుంటాయి అనేవాళ్లూ ఉన్నారు. లండనులో కొందరు పరిశోధకులు దీనికోసమే ఒక గది కట్టి, 79 మందిని ఒక్కొక్కరినే లోపలికి పంపినారు. కొందరికి విద్యుదయస్కాంత క్షేత్రం పెట్టినారు, కొందరికి చెవికి వినబడని తక్కువ శబ్దం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. 2009లో ఫలితం అచ్చయింది. చాలామందికి వింత అనుభవాలు కలిగినాయి, కానీ క్షేత్రం ఉందా లేదా అన్నదానితో వాటికి పొంతన లేదు. ఇక్కడ ఏదో జరగొచ్చు అని ముందే చెవిలో వేయడమే ఎక్కువ పనిచేసినట్టు వాళ్లు అనుకున్నారు. మన టీము ఆ ఇంట్లో అడుగుపెడుతూనే కెమెరా ముందు ఏమన్నది? "ఇక్కడ చాలా నెగెటివ్ ఎనర్జీ ఉంది."

ఇక 8 డిగ్రీలు. వాళ్లు వాడింది ఎర్రచుక్క పడే తుపాకీ థర్మామీటరు. అది గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఏ ఉపరితలం ఉంటే దాని వేడిని చెప్తుంది. ఎండాకాలం పగలంతా కాగిన మట్టిగోడ రాత్రి పదికి కూడా సెగలు కక్కుతుంది. దాని పక్కనే నేల మీద నాపరాయి చల్లగా ఉంటుంది, మనమంతా దాని మీద చాప కూడా లేకుండా పడుకుని పెరిగినవాళ్లమే కదా. తుపాకీని గోడ మీద నుంచి బండ మీదికి తిప్పితే అంకె పడిపోదా? మెరిసే ఇత్తడి బిందెకు గురిపెడితే ఇంకా తప్పు చెప్తుంది. మా పాత మిద్దెలకు కప్పులో గవాచి ఉంటుంది, వెలుతురు కోసం. మబ్బులేని రాత్రి ఆ గవాచిలోంచి ఆకాశానికి గురిపెట్టి చూడండి, మే నెలలో కూడా గడ్డకట్టే చలి చూపించగలదు. ఎనిమిదేం ఖర్మ, ముప్పై నలభై డిగ్రీల దెయ్యాన్ని పట్టొచ్చు.

"పో" అన్న గొంతు గురించి ఎక్కువ చెప్పను. స్టేషన్ల మీద స్టేషన్లు చకచకా తిప్పే రేడియో డబ్బా పెట్టుకుని, కడప ఆకాశవాణి పలికే జిల్లాలో కూర్చుంటే, తెలుగు ముక్కలు కాక ఇంకేం పడతాయి? "పోలీసు"లో పో ఉంది, "పోషకాహారం"లో పో ఉంది. గాలిలో గొంతులు వెతకడం కొత్తేమీ కాదు. 1959లో స్వీడనులో యూర్గెన్సన్ అనే ఆయన పక్షుల కూతలు రికార్డు చేస్తూ మనుషుల గొంతులు విన్నానన్నాడు, అప్పటినుంచీ సాగుతోంది. పరీక్ష సులభం: కింద అక్షరాలు వేయకుండా పదిమందికి విడివిడిగా వినిపించి, ఏం వినబడిందో కాగితం మీద రాయించండి. అక్షరాలు వేసి వినిపిస్తే అందరికీ అదే వినబడుతుంది. అయినా మా సీమ ఆడమనిషి కోపమొస్తే ఉత్త "పో" అని ఊరుకుంటుందా?

గోళాలు: దుమ్ము. నాపరాయి గనుల పక్క పల్లెలో దుమ్ము లేని ఫొటో తీస్తే అప్పుడు ఆశ్చర్యపోదాం. లెన్సు ముందర నలుసు మీద ఫ్లాష్ పడితే గుండ్రంగా ఉబ్బి కనబడుతుంది.

గుండెల మీద కూర్చున్నట్టు ఉండటం మాత్రం తీసిపారేయాల్సింది కాదు. నిద్రలో కలల దశలో ఒళ్లు కదలకుండా మెదడు బిగించి పెడుతుంది. ఆ బిగువు వదలకముందే మెలకువ వస్తే కదల్లేం, అరవలేం, ఎవరో మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఇంకో కారణం కూడా చూడాల్సిందే. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం కథ అచ్చువేసినాడు. పాత ఇంట్లో దిగినప్పటి నుంచి వాళ్లకు అడుగుల చప్పుళ్లు, తలనొప్పులు, మంచం పక్కన మనుషులు. చివరికి తేలిందేమంటే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తోంది. మనకు కొలిమి లేదు, కానీ భయంతో తలుపులు కిటికీలు బిగించుకుని, కుంపట్లో బొగ్గులేసి రాత్రంతా సాంబ్రాణి పొగ పెడతారు. దెయ్యాన్ని తరమడానికి పెట్టిన కుంపటే తలనొప్పి తెచ్చి, దెయ్యం ముదిరిందనిపిస్తుంది. టీము ఆ కుంపటిని వీడియోలో అందంగా చూపించింది, బయట పెట్టమని మాత్రం చెప్పలేదు.

యూనివర్సిటీలు ఒప్పుకున్నాయన్నది అబద్ధం. ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1985 నుంచి ఇలాంటివి చదివే విభాగం ఉంది, నిజమే. చదవడం వేరు, ఒప్పుకోవడం వేరు. లండనులో 1882లోనే దీనికోసం పెద్ద చదువుల వాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం వాళ్లే 1956లో, అప్పటికి ఇంగ్లండంతా పేరుమోసిన బోర్లీ ఇంటి దెయ్యం కథను విప్పి, పరిశోధకుడు హ్యారీ ప్రైస్ మీదనే అనుమానాలు రాసినారు. శ్రీలంకలో ఉన్న మన కేరళ మనిషి, హేతువాది అబ్రహాం కోవూరు, మోసం లేకుండా మహిమలు చూపించమని 1963లో లక్ష రూపాయల పందెం కాస్తే గెలిచినవాడు లేడు.

పైసా తీసుకోకపోతే ప్రొఫెషనల్ అయిపోతారా? నా కోపమంతా ఇక్కడే. వీడియోలో ఇంటి ముందు ముగ్గు కనబడుతోంది, వీధి మలుపు కనబడుతోంది, చనిపోయిన పిల్ల పేరు కూడా చెప్పేసినారు. ఆ పిల్లకు ఇద్దరు బిడ్డలు, ఊరి బడిలోనే చదువుకుంటున్నారు. బడిలో వాళ్లను ఇప్పుడు ఏమని పిలుస్తారో ఆలోచించినారా? పద్ధతిగా చేసేవాడు ముందు పగటిపూట పోతాడు. ఇంటివాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడకుండా రాసుకుంటాడు. వైరింగు, కప్పు, ఎలుకల బొరియలు, గబ్బిలాలు, రాత్రిళ్లు గూడ్సు బండి వెళ్లే టైము, గనుల్లో పేలుళ్ల టైము చూస్తాడు. అదే కొలతలు పక్కింట్లో కూడా తీస్తాడు. పేర్లు, ముఖాలు బయటపెట్టనని కాగితం మీద రాసిస్తాడు. ఎవరికైనా నిద్ర పట్టకపోతే, దిగులుంటే డాక్టరు దగ్గరికి పంపుతాడు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ (మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ) వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఫలానా మనిషి ఆత్మే అని పేరుపెట్టి చెప్పే పని మాత్రం చేయడు. "ఖాళీ చేయండి" అని అసలు అనడు. ఆ ఇల్లు ఎవరికి అగ్గువకు పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు, నేను రాయను.

గండికోట, గుత్తి సంగతి. రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, 1958 చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా రాత్రి కెమెరాలు మోసుకుని దూరే చోట్లు కావు. గండికోటలో పెన్నా లోయ అంచున చీకట్లో వెనక్కి నడుస్తూ వీడియో తీసేవాడికి రక్తపింజరి కాటు కూడా అక్కర్లేదు. గుత్తి కొండ కింద దొరల సమాధుల దగ్గర ఒకప్పటి మద్రాసు గవర్నరు మన్రో దొర కోసం వెతకాలనుకుంటే శ్రమ దండగ: 1827లో పత్తికొండలో కలరాతో పోయినాక ఆయన్ని పూడ్చింది గుత్తిలోనే గానీ, తర్వాత మద్రాసుకు తీసుకుపోయినారు.

పోయిన ఆదివారం పొద్దున ఇప్పటి లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయినాను. ఎర్తు వైరు గోడ దిగి నేల దగ్గర తెగిపోయి ఉంది, గుంత ఎన్నేళ్లుగానో ఎండిపోయింది. మెయిను దించి, అలాంటిదే ఒక మీటరు పెట్టి చూస్తే ఒక్క లైటూ వెలగలేదు. కానీ రాత్రి రెండు గంటలప్పుడు అటక మీద వినబడుతుందనే చప్పుడు పగలు పోయిన నాకు దొరకలేదు, అదీ కాగితం మీద రాసుకున్నాను. ఆ ఇంటి అవ్వ గడప మీద కూర్చుని అంతా చూసింది. "నాయనా, నా కోడలు వస్తే ఆ పిల్లోళ్లతో మాట్లాడుతుందా, నాతో మాట్లాడకుండా?" అన్నది. నేనేం చెప్పాలి. వీడియో తీసేయమని టీముకు మెసేజి పెట్టినాను, ఇంకా జవాబు లేదు.

ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి నీళ్లు పోయాలి. ఉప్పు అంగట్లో తెచ్చినాం. బొగ్గు కోసం చూస్తుంటే అవ్వ లోపలికి పోయి, సాంబ్రాణికని దాచిన మూట తెచ్చి నా ముందర పెట్టింది.