నో డ్యూస్ సర్టిఫికెట్ గారికి ఒక సంతకందారుడి మనవి

మహారాజశ్రీ నో డ్యూస్ సర్టిఫికెట్ గారి సముఖమునకు,

ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు ఇన్‌ఛార్జిగా ఉంటూ, ఏటా వేసవి ముదిరే వేళకు తమరి మీద సంతకాలు పెట్టేవాళ్లలో ఒకడు నమస్కరించి రాసుకునే మనవి. ఉభయకుశలోపరి.

నాలుగేళ్ల చదువులో విద్యార్థి చేతిలో మేము పెట్టే కాగితాలకు లెక్క లేదు. చేరేటప్పుడు ఇచ్చే రంగుల బ్రోషరులో గ్రంథాలయం ఉంటుంది, ఆటస్థలం ఉంటుంది, తెల్లకోట్లు తొడుక్కుని పరీక్షనాళికల వంక తదేకంగా చూసే అమ్మాయిలు ఉంటారు. కాని ఆ చోట్లకు స్వయంగా నడిచి వెళ్లి, అక్కడి మనిషిని పేరుపెట్టి పలకరించి, పని అయ్యేదాకా వెనక్కి రావద్దని శాసించే కాగితం తమరొక్కరే. లైబ్రరీ, ల్యాబులు, వర్క్‌షాపు, కంప్యూటర్ సెంటరు, గేమ్స్ రూము, ప్లేస్‌మెంట్ సెల్లు, హాస్టలు, బస్సు, అకౌంట్సు, ఇన్నింటి చుట్టూ ప్రదక్షిణ చేసి, తమరి మీద ఒక్కోదానికి ఉన్న గడిలో ఈ విద్యార్థి బాకీ ఏమీ లేడని సంతకం తెచ్చుకుంటే తప్ప టీసీ చేతికి రాదు. పెళ్లిచూపులప్పుడు జరగవలసిన పరిచయాలను అప్పగింతల నాడు జరిపించినట్టు, కళాశాలను విద్యార్థికి తమరు చివరి వారంలో చూపిస్తున్నారు. "గేమ్స్ రూము ఎటువైపు సార్?" అని నాలుగో సంవత్సరం పిల్లలు నన్ను అడిగినప్పుడల్లా, ఆలస్యంగానైనా దారి చూపించే పుణ్యం తమరికే దక్కిందని మనసులో దండం పెట్టుకుంటాను.

ముందుగా గ్రంథాలయం గడి సంగతి. అక్కడ అందరికన్నా త్వరగా సంతకం దొరికేది నాలుగేళ్లలో ఒక్క పుస్తకమూ తీసుకోని విద్యార్థికి. రిజిస్టరు తిప్పగానే అతని పేజీ తెల్లగా మెరుస్తుంది; లైబ్రేరియన్ గారు ముఖం కూడా చూడకుండా సంతకం చేసేస్తారు. సెమిస్టరుకు పది పుస్తకాలు మోసుకెళ్లి చదివినవాడు మాత్రం, రెండో సంవత్సరంలో తిరిగి ఇచ్చినా ఎంట్రీ కొట్టెయ్యని ఒక పుస్తకం కోసం, అట్ట ఊడిందన్న మరో పుస్తకం కోసం, పూట పూటా కౌంటరు దగ్గర నిలబడాలి. ఏమీ ముట్టుకోనివాడు నిర్దోషి అనీ, వాడుకున్నవాడు అనుమానితుడనీ తమరు ఇంత మర్యాదగా ఎలా తేల్చగలరో, ఆ నేర్పు మాకు కూడా నేర్పవలసిందని ప్రార్థన.

పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికేనని ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి రాసిన అయిదు సూత్రాల్లో మొట్టమొదటిదే చెబుతుంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 12న మేమూ ఆయన పటానికి దండ వేస్తాము. వేసిన దండ అద్దాల బీరువాల తాళాలకు తగలకుండా కాస్త పక్కన వేస్తాము. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపి, ప్రయాణం చేసేవాళ్ల చేతికి పుస్తకాలు అందించారు. ఈనాటి విద్యార్థి కాలేజీ బస్సు దిగి గ్రంథాలయం మెట్ల పక్కనుంచే రోజూ క్లాసుకు వెళ్తాడు. క్లాసులు జరిగే వేళల్లోనే అది తెరిచి ఉంటుంది. క్లాసులు ముగిసి బస్సులు బయలుదేరే వేళకు దాని తలుపులూ మూసుకుంటాయి. కనుక మా కళాశాలలో గ్రంథాలయానికి వెళ్లడానికి క్లాసు ఎగ్గొట్టడం ఒక్కటే సక్రమమైన మార్గం, క్లాసు ఎగ్గొడితే హాజరు తగ్గుతుంది, హాజరు తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టాలి. కళాశాలలకు గ్రేడులిచ్చే నాక్ బృందం తనిఖీకి వచ్చే రోజుల్లో మాత్రం ప్రతి బల్ల ముందూ ఒక పాఠకుడు పుట్టుకొస్తాడు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు టెక్స్ట్ పుస్తకాల సెట్లు ఇచ్చే బుక్ బ్యాంకు అనేదొకటి ఉందని, చదువుకుంటున్నన్నాళ్లూ తెలియక, తమరి మీద ఆ పేరుతో ఉన్న గడి చూసి మొదటిసారి తెలుసుకున్న పిల్లలున్నారు. ఈలోగా వాళ్లు గేటు ఎదుటి జిరాక్స్ షాపులో ఆల్ ఇన్ వన్ గైడ్లు కొనుక్కుని పరీక్షలు గట్టెక్కేశారు.

ఇక నా ల్యాబు. ఇక్కడ నా సంతకానికి ఆధారం, పాడైన వస్తువుల లెక్క రాసే బ్రేకేజ్ రిజిస్టరు. కనెక్షన్లు తానే ఇచ్చి, ప్లస్సూ మైనస్సూ తారుమారై ఒక ఐసీ చిప్పు కాల్చుకుని, ఎందుకు కాలిందో తెలుసుకోవడానికి సాయంత్రం దాకా, విద్యుత్ తరంగాలను తెర మీద చూపించే సీఆర్వో ముందు కూర్చున్న అబ్బాయి పేరు అందులో ఉంటుంది. వాడు దాని ఖరీదు కట్టి రసీదు తెస్తే గాని నేను కలం ఎత్తకూడదు. బ్యాచిలో ముగ్గురి వెనక నిలబడి, సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకుని, గ్రాఫు ముందే గీసి దాని మీద చుక్కలు తరువాత పెట్టిన పిల్లవాడు ఏ వస్తువూ పగలగొట్టలేదు. ముట్టుకుంటే కదా పగిలేది! తమరి దృష్టిలో అతనే ఆదర్శ విద్యార్థి, నేనూ అలాగే ధ్రువీకరిస్తున్నాను.

గేమ్స్ రూములో ఉన్నది ఒక క్యారమ్ బోర్డు, దాని మీద స్ట్రైకరు లేదు. ఆ గడిని గురించి ఇంతకు మించి రాయడం అనవసరం.

తమరి మీద గడి లేని వాటి గతి ఇంకా విచిత్రం. ఐఐటీలూ, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఎవరైనా రుసుం లేకుండా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు మాత్రం డబ్బు కట్టాలి. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' మీది కోర్సుల ద్వారా ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు పూర్తిచేసుకోవడానికి సంస్థలు వీలు కల్పించవచ్చని, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2021లోనే నిబంధనలు తెచ్చింది. వీటిని వాడుకోలేదని సంతకం తెమ్మనే వారెవరూ లేరు కనుక, అవి ఉన్నాయని కూడా చాలామందికి తెలియదు. అధ్యాపకుల సంగతీ అంతే. క్లాసు అయ్యాక విద్యార్థి స్టాఫ్‌రూముకు వచ్చి అర్థం కానిది అడిగితే చెప్పడానికి కూడా మాకు జీతమిస్తున్నారు. అయితే "ఈ విద్యార్థి ఏ మాస్టారి సమయాన్నీ తీసుకోలేదు" అని రాయడానికి తమరి మీద చోటు లేదు. ఉంటే మాత్రం అన్నింటికన్నా సులువుగా నిండిపోయేది ఆ గడే.

అకౌంట్సు గడి దగ్గర నవ్వు రావడం లేదు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్ము రాకపోతే ఆ బాకీ వెళ్లి పిల్లవాడి పేరున కూర్చుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చిన మాట నిజమే. అయినా ఉద్యోగంలో చేరవలసిన తేదీ దగ్గరపడుతుంటే, చాలా ఇళ్లలో తండ్రి అప్పు చేసి కడతాడు. తక్కిన గడులన్నింటిలోనూ విద్యార్థి ఏం తీసుకోలేదో చూసి సంతోషించే తమరు, ఈ ఒక్క గడిలో అతను తీసుకోని సొమ్మును కూడా అతని చేతే కట్టిస్తారు.

ఇక అసలు మనవి. తమరు చివరి వారంలో కాక, మొదటి సంవత్సరం మొదటి వారంలోనే విద్యార్థి చేతికి రావాలి. సంతకాలు ఇవే, మనుషులు వీళ్లే, ప్రదక్షిణ ఇదే. కాకపోతే బాకీ లేదని రాసే చోట, ఏ వేళకు వస్తే ఏం దొరుకుతుందో ఆ సంతకందారుడు తన చేత్తో రాయాలి. లైబ్రేరియన్ గారు కార్డు ఇచ్చి, ఒక పుస్తకం చేతిలో పెట్టి పంపాలి. నేను నా వంతుగా, ల్యాబు ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు ఏవో రాసి, ఐసీలు కాలడం సహజమని కింద ఒక వాక్యం చేరుస్తాను. మళ్లీ నాలుగో ఏడు తమరు వచ్చినప్పుడు, రిజిస్టరులో పేజీ తెల్లగా ఉన్నవాడిని కౌంటరు దగ్గర ఆపి, సంగతేమిటని అడగాలి.

ఇందుకు మా యాజమాన్యం ఒప్పుకుంటుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. మొదటి వారంలోనే విద్యార్థులు ఇన్ని తలుపులు తట్టడం మొదలుపెడితే, లోపల స్ట్రైకరు లేదని నాలుగేళ్ల ముందే బయటపడుతుంది. పోనీ, ఉన్న రూపంలోనే తమరు కొనసాగదలిస్తే, కనీసం అడుగున ఒక్క గీత అదనంగా గీయించండి. విద్యార్థి కళాశాలకు ఏమీ బాకీ లేడన్న మాట కింద, కళాశాల కూడా ఈ విద్యార్థికి ఏమీ బాకీ లేదు అని రాయించి, పైన సంతకాలు చేసిన మా అందరి చేతా అక్కడ ఇంకోసారి సంతకాలు పెట్టించండి. నా వంతు వచ్చే సమయానికి నా కలంలో సిరా ఉంటుందో ఉండదో మాత్రం ఇప్పుడే హామీ ఇవ్వలేను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఎలక్ట్రానిక్స్ ల్యాబు ఇన్‌ఛార్జి