అన్‌లిమిటెడ్ హోస్టింగ్, అప్పడం ఒక్కటే

వెబ్ హోస్టింగ్, అంటే సైటు పెట్టుకోవడానికి సర్వర్‌లో అద్దె చోటు, కొన్న ప్రతివాడూ "నిబంధనలు చదివాను, అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్కు పెడతాడు. నేనూ పెట్టాను. చదివానని అక్కడే రాసుంది కాబట్టి చదివినట్టే లెక్క. పెళ్లిలో పంతులుగారు "నాతిచరామి" అనమంటే అర్థం అడిగి అన్నామా?

కాబట్టి నేను బాధ్యత గల కస్టమర్‌నే. మా బావమరిది పచ్చళ్ల వ్యాపారానికి సైటు కట్టిపెట్టాను, ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే, అన్నిటికన్నా చవక షేర్డ్ ప్లాన్‌లో. పైన "అన్‌లిమిటెడ్" అని ఇంతింత అక్షరాలు. మన మెస్సుల్లోనూ అన్‌లిమిటెడ్ మీల్స్ అనే ఉంటుంది, అప్పడం మాత్రం ఒక్కటే, పెరుగు గిన్నె బొటనవేలంత, కూర మూడోసారి అడిగితే వడ్డించేవాడి చూపే మారిపోతుంది. ఇక్కడా అంతే. స్థలం ఎంతైనా వాడుకోవచ్చట, ఫైళ్లకు మాత్రం లెక్క, గంటకు పంపే మెయిళ్లకు లెక్క. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గానీ ఈ సర్వర్‌కి చుట్టరికాలు లేవు.

సంక్రాంతికి వారం ముందు ఫోన్. "బావా, సైటు తెరిస్తే మన గోంగూర లేదు, ఖాతా సస్పెండ్ చేశామని ఏదో తెల్ల పేజీ వస్తోంది!"

ఒళ్లు మండి సపోర్ట్ చాట్‌లోకి వెళ్లాను. మీ ఖాతా నుంచి ఒక్క రాత్రిలో వేల మెయిళ్లు వెళ్లాయన్నారు. మేం పంపింది పండగ శుభాకాంక్షలు, అదీ 1,800 మందికే. మిగతావి, డబ్బు దండగని నేను ఎక్కడో ఉచితంగా దింపుకున్న క్రాక్ థీమ్, అంటే సైటు డిజైన్‌కు దొంగ కాపీ, పంపిందట. మా పచ్చళ్ల పేరు మీద బరువు తగ్గే మాత్రల ప్రకటనలు! నెయ్యితో కలిపి తినమని ఆవకాయ అమ్మేవాడే ఆ మాత్రలూ అమ్మడంలో వ్యాపారం ఉందని ఒప్పుకోవాలి.

మా సర్వర్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని ఇంటి నంబరు, స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టులో పడిందట. అదే అడ్రస్ మీద ఇంకెన్ని సైట్లు కాపురముంటున్నాయో, ఏ ఆడిటర్‌గారి బిల్లులు, ఏ బడి ఫీజు రసీదులు జనం స్పామ్ ఫోల్డర్లలో పడి ఉన్నాయో నాకు తెలీదు. తెలీదు కాబట్టి నాకు సంబంధం లేదు.

అసలు స్పామ్ నేను కనిపెట్టానా? 1978 మే నెలలోనే డీఈసీ కంపెనీ మార్కెటింగ్ మనిషి గ్యారీ థర్క్, మా కొత్త కంప్యూటర్లు చూడండంటూ ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. తిట్లు తిన్నాడు, కానీ మిషన్లు అమ్ముడయ్యాయని చెప్పుకున్నాడు. నేనూ తిట్లు తిన్నాను, ఒక్క సీసా కదల్లేదు.

పైగా సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు చదివి వినిపించారు. సైబర్ దాడి మన కంటపడినా, ఎవరైనా మన దృష్టికి తెచ్చినా 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్‌లు, అంటే సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టాలు, 180 రోజులు దాచాలి. మీరు పంపిన నాలుగు హెచ్చరిక మెయిళ్లూ నేను తెరవలేదు, నా దృష్టికి రానే లేదు, ఆరు గంటలు ఎక్కడ మొదలయ్యాయని గట్టిగా అడిగాను. "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది ఆ సపోర్ట్ అమ్మాయి.

కనుమ వెళ్లాక సైటు తిరిగొచ్చింది. బావమరిది సంస్కారం ఉన్నవాడు. "అనవసరంగా అందర్నీ ఇబ్బంది పెట్టాం బావా, అందరికీ ఒక సారీ మెయిల్ కొడదాం. ఆ 1,800 మంది లిస్టు ఉందా?"

"ఉంది," అన్నాను.