డిసెంబరు చదువరి

డిసెంబరు వచ్చిందంటే తెలుగు పాఠకుడి నెత్తిన గురుతరమైన బాధ్యత పడుతుంది. ఆ ఏడాది తాను ఏమేం చదివాడో లోకానికి లెక్క అప్పజెప్పాలి. ఆదాయపు పన్ను లెక్కలకు జూలై దాకా గడువుంటుంది, ఆపైన పొడిగింపులూ ఉంటాయి. చదువు లెక్కలకు మాత్రం 31వ తేదీ రాత్రి దాటితే పరువు దక్కదు. ఎలా చదవాలో మన పెద్దలు చాలానే చెప్పారు గానీ, చదివినట్టు లెక్క ఎలా చెప్పాలో ఎవరూ చెప్పిపోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక పరిపాలనా లోపం. హైదరాబాదులో పుస్తక ప్రదర్శన పెట్టేది డిసెంబరులో, విజయవాడలో పెట్టేది జనవరి మొదట్లో. అంటే సంచుల కొద్దీ కొన్న హైదరాబాదు పాఠకుడికి ఏడాది ముగియడానికి మిగిలేది వారం పది రోజులు. విజయవాడ పాఠకుడి చేతిలో నిండా ఏడాది. (అయినా చదవడనుకోండి, అది వేరే సంగతి.) కృష్ణా నీళ్ల పంపకానికి బచావత్ ట్రిబ్యునల్ వేశారు, అది చాలక బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వేశారు. ఈ అన్యాయం మీద మాత్రం ఇప్పటిదాకా ఒక్క కమిటీ అయినా లేదు. గత్యంతరం లేక హైదరాబాదు వాళ్లు కొన్నవీ చదివినవీ అనే తేడానే ఎత్తేశారు.

ఇక సంఖ్య. 52 వారాలకు 52 పుస్తకాలన్నది ఇప్పుడు కనీస మర్యాద. రెండు అట్టల మధ్య ఉన్నదల్లా పుస్తకమే, మందంతో పని లేదు. ఈ నిబంధన వల్ల బాగుపడింది కేశవరెడ్డి గారు. 'అతడు అడవిని జయించాడు'లో ఒక ముసలివాడు, ఒక పంది, ఒక అడవి, అంతే. రాత్రి భోంచేసి కూర్చుంటే పడుకునేలోపు అయిపోతుంది. అయ్యాక నిద్ర పట్టదు, కానీ అది పట్టికలో చూపించే వీలు లేదు. గురజాడ వారి సంగతి ఇంకా లాభసాటి. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కా'న్ని 1909 నాటికి ఆయన ఎంతగా తిరగరాశారంటే, రెండు కూర్పులూ రెండు నాటకాలే. గడుసు పాఠకుడు రెండుగా వేసుకోవచ్చు. గిరీశమైతే మూడు వేసేవాడు.

పాపం, దెబ్బతిన్నది విశ్వనాథ. 'వేయిపడగలు' ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివినా జాబితాలో పడేది ఒక్క అంకె. ఆయన 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారంటారు. నేనెరిగిన పాఠకులెవరూ ఆ వేగాన్ని అందుకోలేదు. రాసినదానికంటే నిదానంగా చదవడం రచయితను కించపరచడమే కాబట్టి, మర్యాదస్తులు అసలు మొదలుపెట్టరు. పైగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు నవలల పోటీ బహుమతిని దీనికీ, అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ కలిపి పంచారు. సగం బహుమతి వచ్చిన పుస్తకాన్ని సగం చదివితే చాలదా? ఈ వాదానికి ఇంతవరకు ఏ విమర్శకుడూ సమాధానం ఇవ్వలేదు.

సంఖ్య తేలాక వైవిధ్యం. జాబితా చూసినవాడికి మీరు ఫలానా ప్రాంతం వారనీ, ఫలానా వాదం వారనీ అనుమానం రాకూడదు. శ్రీకాకుళానికి కారా మాస్టారు, చిత్తూరుకు నామిని, తెలంగాణకు దాశరథి రంగాచార్య, ఇలా మంత్రివర్గం కూర్చినట్టు జిల్లాలవారీగా సర్దుకోవాలి. ఒక జపాను అనువాదం, ఒక రష్యను తప్పనిసరి. ఆ రష్యను పుస్తకం మాస్కో ప్రగతి ప్రచురణాలయం వాళ్లదైతే మరీ శ్రేష్ఠం. ఫొటోలో ఆ పాత అట్ట కనబడగానే, సోవియట్ యూనియన్ కూలకముందు నుంచే మీరు చదువుతున్నారని జనం తీర్మానించేసుకుంటారు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద నిన్నగాక మొన్న కొన్నారని ఎవరికి తెలుస్తుంది?

ఇన్ని కోటాల్లోనూ సీటు దొరకనిది డిటెక్టివ్ నవలకే. ఏడాది మొత్తం మీద రాత్రి రెండింటి దాకా లైటార్పకుండా చదివింది అదొక్కటే అయినా సరే, కొమ్మూరి వారి యుగంధర్‌కూ మధుబాబు షాడోకూ లోపలికి ప్రవేశం లేదు. మనసు ఒప్పుకోకపోతే 'చిన్ననాటి జ్ఞాపకాలు' అని ఒక శీర్షిక పెట్టి, వెనక గుమ్మం గుండా రానివ్వచ్చు.

అసలు తెరవకుండానే చదివే మార్గాలూ ఉన్నాయి. చలం రాసిన ముందుమాట 'యోగ్యతాపత్రం' చదివేసి 'మహాప్రస్థానం' ముగించినవాళ్లు మన మధ్య గౌరవంగానే తిరుగుతున్నారు. అంతకంటే సులువైనది ఆవిష్కరణ సభ. వేదిక మీద వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి, సమయాభావం వల్ల పుస్తకం పూర్తిగా చూడలేకపోయానని మొదలుపెట్టి, ముప్పావుగంట తగ్గకుండా మాట్లాడతారు. అంతసేపు కూర్చున్నవాడు పుస్తకం చదివినట్టే. ఇంకా చెప్పాలంటే, వక్తలకంటే ఎక్కువే చదివినట్టు.

ఇంత పకడ్బందీ పద్ధతికి కొరకరాని మనిషి ఒకాయన మా పక్కింట్లోనే ఉన్నారు. రిటైరైన తెలుగు మాస్టారు. ఏడాది పొడుగునా పోతన భాగవతం, అందులోనూ అష్టమ స్కంధం. నిరుడూ అదే, అంతకుముందూ అదే. వివరాల సేకరణలో భాగంగా మొన్న ఆయన్నీ అడిగాను.

"మాస్టారూ, ఈ ఏడాది ఏం చదివారు?"

"ఏనుగు ఇంకా ఒడ్డెక్కలేదయ్యా," అన్నారు.

ఈ జవాబును ఏ గడిలో నింపాలి? సంఖ్య ఒకటి, అదైనా పూర్తి కాలేదు. వైవిధ్యం సున్నా. పోనీ ప్రాంతం కోటాలో చూపిద్దామంటే, పోతన ఓరుగల్లు వైపు బమ్మెర వాడా, కడప వైపు ఒంటిమిట్ట వాడా అన్నది పండితులే తేల్చుకోలేక దెబ్బలాడుకున్నారు. విధిలేక ఆయన్ని పాఠకేతరుల కింద రాసుకుని లేచాను.

"నీదేదీ, చూపించు బాబూ," అన్నారాయన.

ఫోన్ తీసి ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని జాబితాను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివారు. అంత శ్రద్ధగా దాన్ని చదివినవాళ్లు ఇంకెవరూ లేరు, నాతో సహా.

"బోలెడు చదివావే! ఇందులో నీకు ఏది నచ్చింది?"

పట్టికలో ఆ గడి లేదని వినయంగా మనవి చేసుకున్నాను. వచ్చే డిసెంబరు నాటికి చేర్చాలా వద్దా అన్నది పరిశీలనలో ఉంది.