తిరుపతి బాణళ్ల నూనెతో బయోడీజిలు: ఘన ఉత్ప్రేరకమే మనకు సరైన దారి

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను పరిసరాల్లో తెల్లవారుజామున పూరీలతో పొయ్యి ఎక్కిన బాణలి రాత్రి బజ్జీల దాకా దిగదు. ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే ఊరు కాబట్టి నూనె వాడకానికి సెలవు రోజంటూ ఉండదు. కాగి కాగి చిక్కబడి, పిండి వేయగానే నురగ పొంగే నూనెను డబ్బాకెత్తి పక్కన పెడతారు. అడుగున మాడిన పిండి నలకలు పేరుకున్న ఆ డబ్బా ఆ తర్వాత ఎవరి చేతికి వెళ్తుందన్నదే నా ఆందోళన. చౌకగా అమ్ముడుపోయి మరో బాణలిలోకి చేరితే ఆ నష్టం తినేవారిదే.

నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె పదే పదే కాగి చెడినప్పుడు పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే వంటకు పనికిరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జులై నుంచి నిబంధన తెచ్చింది. వాడిన నూనెను బయోడీజిలుకు, అంటే నూనెల నుంచి తీసి డీజిలుకు బదులు వాడే ఇంధనానికి, మళ్లించే ‘రూకో’ కార్యక్రమం కూడా అదే ఏడాది మొదలైంది. డీజిల్లో 5 శాతం బయోడీజిలు కలపాలన్న లక్ష్యానికి గడువు 2030. నిబంధనలు, లక్ష్యాలు అన్నీ ఉన్నాయి. ఇక తేలాల్సింది మన ఊరికి ఏ తయారీ పద్ధతి నప్పుతుందన్నదే.

వాడుకలో ఉన్న పద్ధతిలో నూనెకు మిథనాల్ అనే ఆల్కహాలును, ఉత్ప్రేరకంగా (తాను ఖర్చవకుండా చర్యను వేగిరపరిచే పదార్థంగా) కాస్టిక్ సోడా లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని కలిపి 60 డిగ్రీల దగ్గర కలియబెడతారు. నూనె బయోడీజిలుగా, గ్లిజరిన్‌గా విడిపోతుంది. తాజా నూనెకైతే ఇబ్బంది లేదు. పదే పదే కాగిన నూనెలో మాత్రం విడి కొవ్వు ఆమ్లాలు పెరిగి ఉంటాయి. అవి క్షారంతో కలిసి సబ్బుగా మారతాయి. సబ్బు పట్టిన చోట ఇంధనమూ గ్లిజరినూ సరిగా విడిపోవు. దాన్ని వదిలించడానికి ఇంధనాన్ని మళ్లీ మళ్లీ నీళ్లతో కడగాలి, ఆ మురుగునీటిని శుద్ధి చేయాలి. బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన వేసవులు ఎన్నో చూసిన చిత్తూరు ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

ఇలా కలిసిపోయే క్షారానికి బదులు వాడే ఘన ఉత్ప్రేరకం నూనెలో కరగదు. పని పూర్తయ్యాక వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు, కడిగే నీళ్లు బాగా తగ్గుతాయి. వీటిలో అందరికీ అందుబాటులో ఉన్నది కాల్చిన సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్. కోడిగుడ్డు పెంకుల్లో అధికభాగం కాల్షియం కార్బొనేటే. వాటిని కడిగి, ఎండబెట్టి, పొడిచేసి 900 డిగ్రీల దగ్గర కాలిస్తే ఈ ఉత్ప్రేరకం తయారవుతుంది. హోటలు వెనుక నూనె డబ్బా పక్కనే పడి ఉండే చెత్త బుట్టలోనే సగం ముడిసరుకు ఉందన్నమాట.

అయితే దీనికీ పరిమితులున్నాయి. గాలి తగిలితే సున్నం తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని శక్తి కోల్పోతుంది. కొంత కాల్షియం ఇంధనంలోకి జారుతుంది. ఆమ్లాలు మరీ ఎక్కువైతే సున్నంతోనూ సబ్బు పుడుతుంది. అలాంటి నూనెను ముందు సల్ఫొనేటెడ్ కార్బన్ వంటి ఘన ఆమ్లంతో శుద్ధి చేసి, తర్వాత సున్నం వాడాలి. రెండు దశలంటే ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ నీళ్ల ఖర్చును, మురుగు భారాన్ని లెక్కలోకి తీసుకోకుండా పాత పద్ధతే చౌక అనడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, ఐఐటీ ఉంది, విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. తాజా నూనెతో వచ్చే దిగుబడి శాతాలకన్నా, ఈ ఊరి హోటళ్ల నూనె మీద ఒకే ఉత్ప్రేరకం ఎన్నిసార్లు పనిచేస్తుందో తేల్చే పరీక్ష మనకు ఎక్కువ అవసరం. మిథనాల్ విషపూరితం, తేలిగ్గా అంటుకుంటుంది. కాబట్టి దీన్ని పెరటి పరిశ్రమగా మార్చకూడదు. పర్యవేక్షణ ఉన్న ఒక మధ్యస్థాయి కేంద్రం చాలు.

నూనె ఆ కేంద్రానికి చేరాలంటే హోటలు యజమానికి గిట్టుబాటు కావాలి. పాత నూనె కొనే వ్యాపారి ఇచ్చే ధరకన్నా ఒక రూపాయైనా ఎక్కువ ఇచ్చి, డబ్బా నిండిన రోజే వచ్చి తీసుకెళ్లాలి. రోజుకు 50 లీటర్లకు పైగా నూనె వాడేవారు లెక్కలు రాయాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఆ పుస్తకాలను తనిఖీ చేయడం, బజ్జీల బండ్ల దగ్గర నూనెను పోలార్ పదార్థాలు కొలిచే మీటరుతో పరీక్షించడం నగరపాలక సంస్థ, ఆహార భద్రతా అధికారులు కలిసి ఈ నెలలోనే మొదలుపెట్టగల పనులు.